ఫైళ్ళ పేర్ల చివరి మార్పు

కంప్యూటరులో ఫైలు పేరు చివర, చుక్క తరువాతి భాగాన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. 1981 నాటి డాస్‌లో దానికి మూడక్షరాలే పరిమితి. జేపీఈజీ కుదించుకొని జేపీజీ అయినది అందువల్లనే.

వందల కొద్దీ కుటుంబ చిత్రాలకు ఈ చివరి భాగాన్ని ఒకేసారి మార్చవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డరుకు చేరి, ఆంగ్లాక్షరాలతో "రెన్ *.జేపీఈజీ *.జేపీజీ" అని వ్రాస్తే చాలు. నక్షత్రపు గుర్తుకు ‘ఏ పేరైనా’ అని అర్థం.

లినక్స్‌లోని ఎంవీ ఆజ్ఞకు ఈ ఉపాయం చెల్లదు. నక్షత్రాన్ని షెల్ ముందుగానే ఫైళ్ళ జాబితాగా విప్పివేస్తుంది. కనుక ఫైలు ఫైలుకూ ఆజ్ఞను నడిపే ఫర్ లూపు అవసరం. పైగా కొత్త పేరుతో ఇదివరకే మరొక చిత్రముంటే, ఎంవీ సాధారణంగా హెచ్చరించకుండానే దానిని తుడిచివేస్తుంది. నకలు తీసిన పిమ్మటనే పూనుకోవాలి.

సీసాపై చీటీ మార్చినంతనే ఆమ్లం క్షారం కాదు. ఐఫోన్ తీసిన హైక్ చిత్రానికి జేపీజీ అని పేరు పెట్టినా లోపలి బైట్లు మారవు. అందుకు వేరుగా మార్పిడి ప్రోగ్రాము కావాలి.