ఉష్ణమండల తుఫానులో పులి

ఉష్ణమండల తుఫానులో పులి ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ రూసో (1844–1910) 1891లో గీసిన తైలవర్ణ చిత్రం. తొలి ప్రదర్శనలో దీని పేరు 'సుర్‌ప్రీ!'. ఎత్తు సుమారు 130 సెం.మీ., వెడల్పు 162 సెం.మీ. ఇది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది. (ఈయన వేరు, తత్త్వవేత్త జాఁ జాక్ రూసో వేరు.)

నేపథ్యం

రూసో ప్యారిస్ నగరంలోనికి వచ్చే సరుకులపై సుంకం వసూలు చేసే చిరుద్యోగి. మన పురపాలక సంఘాలు పూర్వం వసూలు చేసిన ఆక్ట్రాయి వంటిదే ఆ సుంకం. చిత్రలేఖనాన్ని ఆయన గురువు వద్ద అభ్యసించలేదు. సైన్యంలో ఉండగా మెక్సికో అడవులను చూచినాడని ఒక కథ ప్రచారంలో ఉండేది. వాస్తవానికి ఆయన ఫ్రాన్సు దాటి వెళ్ళలేదు. ప్యారిస్‌లోని 'జార్దాఁ దె ప్లాఁత్' అను వృక్షశాస్త్ర ఉద్యానవనంలోని అద్దాల గృహాలు, జంతుప్రదర్శనశాల, మ్యూజియంలోని చర్మం కూరిన జంతువులు, సచిత్ర పుస్తకాలు, ఇవే ఆయన చూచిన అరణ్యం.

చిత్రణ

గాలికి ఒరిగిన చెట్లు, బూడిదరంగు ఆకాశంలో మెరుపు, పొడవైన గడ్డి మధ్య కోరలు బయటపెట్టి ముందుకు వంగిన పులి ఇందులో కనిపిస్తాయి. పులి చారలు, గడ్డిపోచలు ఒకే లయలో సాగుటచే మృగం పొదలో సగం కలిసిపోయినది. అడవిలో పులి చారల ప్రయోజనం కూడా ఇదియే. అది పిడుగుకు బెదిరినదా, వేటపై దూకబోతున్నదా అన్నది చిత్రం తేల్చదు. ఎర ఏదీ కనిపించదు. అన్వేషకులను వెంటాడుతున్నదని రూసో తరువాత చెప్పెను.

వాన చిత్రణ ప్రత్యేకంగా గమనింపదగినది. పలుచని, పారదర్శకమైన వెండిరంగు గీతలను చిత్రమంతటా ఏటవాలుగా లాగుటచే చూపరి జల్లుల తెర వెనుక నుండి చూస్తున్నట్లుండును.

ప్రకృతిశాస్త్ర దృష్టితో చూచిన లోపాలు లేకపోలేదు. వర్షారణ్యంలో చెట్ల గుబురు వలన నేలకు వెలుతురు తక్కువగా చేరును; కనుక అడవి అంచునో, నది ఒడ్డునో తప్ప ఇంత దట్టమైన గడ్డి సాధారణంగా పెరగదు. ఆకులు కొన్ని కుండీ మొక్కలను పెద్దవి చేసి గీసినట్లున్నవి. విద్యార్థులు దీనిని అడవికి నమూనాగా గ్రహించరాదు. తుఫాను మాత్రం నిజమైనదిగానే తోచును. గాలివానను ప్యారిస్‌లోనూ చూడవచ్చును గదా!

ఆదరణ

ఇది న్యాయనిర్ణేతలు లేని 'స్వతంత్ర కళాకారుల సలోన్'లో 1891లో ప్రదర్శింపబడినది. రూసో చిత్రాలను చాలామంది పరిహసించే రోజులలో, స్విట్జర్లాండుకు చెందిన చిత్రకారుడు ఫెలిక్స్ వల్లోతాఁ దీనిని ప్రశంసిస్తూ సమీక్ష వ్రాసెను. తరువాత పదేళ్ళకు పైగా రూసో అడవి చిత్రాల జోలికి అంతగా పోలేదు. సింహాలు, చిరుతలు, కోతులు గల ఆయన ప్రసిద్ధ అరణ్య చిత్రాలలో అధికభాగం 1904–1910 మధ్యవి. నేషనల్ గ్యాలరీ ఈ చిత్రాన్ని 1972లో కొనుగోలు చేసినది.