ట్రాక్టరు పంపుకు సీలు ఎందుకు?

వేసవి దుక్కుల్లో కర్నూలు, కడప ప్రాంతాల చేలలో కొన్ని ట్రాక్టర్లు నల్లని పొగ కక్కటం మీరు చూసే ఉంటారు. "బండికి బలం పెంచాం" అంటారు డ్రైవర్లు. డీజిలు పంపు మీద ఒక స్క్రూ ఉంటుంది. సిలిండరులోకి ఒక్కో విడతకు గరిష్ఠంగా ఎంత డీజిలు చిమ్మాలో అది నిర్ణయిస్తుంది. కంపెనీవారు దానికి సీలు వేస్తారు. సీలు తెగితే వారంటీ దక్కటం కష్టం.

స్క్రూ తిప్పితే డీజిలు పెరుగుతుంది, గాలి పెరగదు! కిలో డీజిలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. గాలి చాలక మండకుండా మిగిలిన కర్బనమే ఆ మసి. మొదట కాస్త బలం పెరిగేమాట నిజమే గాని, వేడి మితిమీరి పిస్టన్లు దెబ్బతింటాయి. పైగా మన ఎండలొకటి! చార్లెస్ నియమం గుర్తుందా? గాలి 27 డిగ్రీల నుండి 42 డిగ్రీలకు వేడెక్కితే, అనగా పరమ ఉష్ణోగ్రత 300 నుండి 315కు పెరిగితే, దాని సాంద్రత సుమారు 5 శాతం తగ్గుతుంది. మే నెలలో ఇంజనుకు అందే గాలి ముందే తక్కువన్నమాట.

సీలు ముట్టకుండా బలం రాదా? పోయిన బలమైతే తిరిగి వస్తుంది. దుమ్ముతో పూడుకున్న ఎయిర్ క్లీనరును శుభ్రం చేయాలి. నాజిళ్లను, వాల్వుల సందులను కంపెనీ షెడ్డులో సరిచేయించాలి. ఇక చక్రాలు జారితే ఇంజను శక్తి మట్టిపాలే. అందుకే తెలిసిన రైతులు వెనుక టైర్లలో నీళ్లు నింపిస్తారు.