రక్తమును పుట్టించు మూలకణములు

మన రక్తమునందలి ఎఱ్ఱకణము సుమారు 120 దినములు మాత్రమే జీవించును. నశించిన వాని స్థానమును నింపుటకు పెద్దవారి శరీరము ప్రతిదినము సుమారు 20,000 కోట్ల ఎఱ్ఱకణములను క్రొత్తగా తయారు చేయుచున్నది. ఈ కర్మాగారము ఎముకలలోని మూలుగ. అందు కొద్ది సంఖ్యలోనుండు మూలకణములనుండియే ఎఱ్ఱకణములు, తెల్లకణములు, రక్తఫలకికలు అన్నియు పుట్టుచున్నవి.

వీని ఉనికికి తొలి ప్రయోగాధారమును 1961లో కెనడాలోని టొరంటో నగరమున టిల్, మెక్‌కల్లక్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. వికిరణముచే మూలుగ దెబ్బతినిన చుంచెలుకలకు వారు ఇతర చుంచెలుకల మూలుగకణములను ఎక్కించగా, కొన్ని దినములకు ప్లీహముపై చిన్న బొడిపెలు కనబడినవి. ఒక్కొక్క బొడిపె ఒకే కణమునుండి పుట్టినదని 1963లో తేలినది.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. మూలకణమునందును, దానినుండి పుట్టిన తెల్లకణమునందును ఉన్న డి.ఎన్.ఏ. దాదాపు ఒక్కటే. అట్లయిన ఒకటి మూలకణముగనే మిగిలి, మరియొకటి క్రిములతో పోరాడు కణముగా మారుటకు కారణమేమి?

గ్రంథమొక్కటే అయినను, తెరచియుంచిన పుటలు వేరు. డి.ఎన్.ఏ. పోగు హిస్టోనులను ప్రోటీనులకు, కండెకు నూలువలె, చుట్టుకొనియుండును. చుట్టు బిగిసినచోట జన్యువు పనిచేయదు, సడలినచోట పనిచేయును. ఇదిగాక, డి.ఎన్.ఏ.పై అక్కడక్కడ మిథైల్ సమూహములు, అనగా ఒక కార్బను, మూడు హైడ్రోజను పరమాణువుల గుంపులు, ముద్రలవలె అంటుకొనును. ఇవి సాధారణముగా జన్యువును మూసియుంచును. అక్షరము మారకయే పఠనము మారుటను గూర్చిన ఈ శాస్త్రమే ఎపిజెనెటిక్సు.

మిథైల్ ముద్రలను తొలగించు పనిని టెట్2 అను ఎంజైము ప్రారంభించును. 2011లో చుంచెలుకలలో దీనిని లేకుండ జేయగా, మూలకణములు పక్వముగాక తమ సంఖ్యనే పెంచుకొనినవి. మనుష్యులలోను వయస్సు మీరినకొలది టెట్2 వంటి జన్యువులు చెడిన మూలకణముల సంతతి రక్తములో పెరుగుట 2014లో వెల్లడియైనది. డెబ్బదియేండ్లు దాటినవారిలో సుమారు పదింట ఒకరికి ఇట్టి మార్పు కలదు. వారిలో పెక్కుమందికి రక్తక్యాన్సరు రాదు. కాని వచ్చు అవకాశము ఇతరులకంటె హెచ్చు.

టెట్2 చక్కగా పనిచేయుటకు సి విటమిను తోడ్పడును. ఆ విటమిను కొరవడిన చుంచెలుకలలో మూలకణములు హెచ్చినట్లు 2017లో కనుగొనిరి. అయితే సి విటమిను రక్తక్యాన్సరుకు మందని దీనినిబట్టి చెప్పరాదు.

చెడిన అక్షరమును దిద్దుట కష్టము. ముద్రను తుడుచుట అంతకంటె సులభము. మిథైల్ ముద్రలు పడకుండ అడ్డగించు అజాసైటిడిన్ అను ఔషధమునకు, మూలుగ సరిగా పనిచేయని కొన్ని రోగములలో వాడుటకు 2004లో అమెరికాలో అనుమతి లభించినది. దీనితో రోగము సమూలముగా పోవుట అరుదే. అయినను, దారితప్పిన కణమును చంపుటయే కాక, మరల దారికి తెచ్చుటయు సాధ్యము కావచ్చునను ఆశకు ఇట్టి ఔషధములు తావిచ్చినవి.