తాత చెవి, తమ్ముడి బైపీసీ పుస్తకం

సూర్యాపేట నుంచి కోదాడ బస్సెక్కినా, మిర్యాలగూడ బస్సెక్కినా పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన చెవి ఒకసారి గమనించండి. తల మీద నున్నగా ఉంటుంది, చెవి అంచున మాత్రం గుబురుగా వెంట్రుకలు! కటింగ్ షాపులో చివరికి చెవి చుట్టూ కత్తెర ఆడించేది అందుకే.

నిజానికి అవి ముసలితనంలో కొత్తగా పుట్టినవి కావు. మనందరి చెవుల మీదా కంటికి ఆనని సన్నని నూగు ఉంటుంది. యవ్వనం నుంచీ టెస్టోస్టిరాన్, దాని నుంచి తయారయ్యే డీహెచ్‌టీ ఆ కుదుళ్ల మీద పనిచేస్తూనే ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ ప్రభావం పేరుకుని కుదురు లావెక్కుతుంది, వెంట్రుక పెరిగే కాలం సాగుతుంది. నూగు కాస్తా ముదురు వెంట్రుక అవుతుంది. పెద్దయ్యాక హార్మోన్ కొంచెం తగ్గినా, మారిన కుదురు వెనక్కి పోదు.

మరి అదే హార్మోన్ తల మీద జుట్టునెందుకు ఊడగొడుతుంది? తేడా హార్మోన్‌లో లేదు, కుదురులో ఉంది. నెత్తి మీద కుదుళ్లు దానికి కుంచించుకుపోతాయి, చెవి కుదుళ్లు బలుస్తాయి. తల వెనక కుదుళ్లను తీసి బట్టతల మీద నాటితే అవి తమ పాత గుణాన్నే చూపిస్తాయని అమెరికా డాక్టర్ ఆరెంట్రైక్ 1959లో ప్రకటించారు. ఇప్పటి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లన్నీ ఆ సూత్రం మీద నడిచేవే.

ఇక అసలు సంగతి. చెవి వెంట్రుకల జన్యువు వై క్రోమోజోమ్ మీద ఉంటుందని, తండ్రి నుంచి కొడుక్కే వస్తుందని బైపీసీ వాళ్లు బట్టీ పడతారు కదా. ఈ ఉదాహరణ వెనక ఉన్నది మన తెలుగువాడే. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, కలకత్తాలో హాల్డేన్ దగ్గర పరిశోధన చేస్తూ ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు గీసి 1960లో ఈ వాదం ప్రచురించారు.

కానీ ఇందులో ఒక చిక్కుంది. గడ్డం కూడా మగవాళ్లకే వస్తుంది. అంతమాత్రాన గడ్డం జన్యువులన్నీ వై మీదే ఉన్నాయనలేం. మగ హార్మోన్ ఉంటేనే బయటపడే లక్షణం ఏ క్రోమోజోమ్ మీదున్నా మగవాళ్లలోనే కనిపిస్తుంది. పైగా ఇది ఆలస్యంగా వచ్చేది. ఇరవై ఏళ్ల కొడుకు చెవి చూసి వచ్చిందో రాలేదో ఎలా తేల్చాలి?

చివరికి 2004లో డీఎన్ఏతోనే పరీక్షించారు. దక్షిణ భారతంలో చెవి వెంట్రుకలున్న మగవాళ్ల వై క్రోమోజోములను, లేనివాళ్ల వాటితో పోల్చారు. కారణం వైలోనే ఉంటే మొదటి గుంపు వై రకాలు రెండో గుంపు కంటే వేరుగా తేలాలి. అలా తేలలేదు. రెండు గుంపుల్లోనూ రకరకాల వైలు కలగలిసే ఉన్నాయి.

మన మనుషుల చెవుల నుంచి పుట్టిన ఉదాహరణను మన దక్షిణాది మనుషుల డీఎన్ఏనే సవరించింది. తమ్ముడో చెల్లెలో ఆ లైను చదువుతుంటే, మార్కుల కోసం పుస్తకంలో ఉన్నదే రాయమనండి. 2004లో ఏం తేలిందో మాత్రం చెప్పకుండా వదలకండి.