గ్రామపంచాయతీయు గృహిణులును

గ్రామపంచాయతీ యనగానే అది పురుషులు రచ్చబండకడ గూర్చుండి తీర్చుకొను వ్యవహారమనియు, మనకు దానితో పనిలేదనియు మనలో ననేకులు తలంతురు. కాని త్రాగునీరు వచ్చుట, వాకిట మురుగు నిలువకుండుట, చీకటిపడగానే వీథిదీపము వెలుగుట, చెత్త ప్రోగుపడకుండుట - ఇవన్నియు పంచాయతీ విధులే. అవి సాగనినాడు బిందె చంకనిడుకొని దూరపుబావికి నడచునది, జ్వరపడిన బిడ్డకడ రాత్రియెల్ల మేలుకొనునది మనమే. కావున ఇదియు మన యింటిపనియే. గడపకు ఆవల జరుగుచున్నదిగాన మన కగపడుట లేదు, అంతియే.

ఈ సంస్థ నిన్న మొన్నటిది కాదు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము గావించెను. స్వతంత్ర భారత రాజ్యాంగము తన 40వ అధికరణమున గ్రామపంచాయతీలను నెలకొల్పుమని చెప్పినది. 1959లో రాజస్థానము, ఆంధ్రప్రదేశము పంచాయతీరాజ్య విధానమును ప్రారంభించినవి. అయినను స్త్రీలకు నిజముగ తలుపు తెఱచినది 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము. పంచాయతీ స్థానములలో మూడవవంతునకు తక్కువగాకుండ స్త్రీలకు ప్రత్యేకింపవలెనని అది శాసించినది. ఆంధ్రప్రదేశమున 2011లో ఆ వంతు సగమునకు పెరిగెను. తెలంగాణమున 2018 నాటి చట్టమును ఆ సగమునే నిలిపినది.

పీఠము లభించినది సరే, పెట్టెలో నేమున్నది? పంచాయతీకి స్వంత రాబడి ముఖ్యముగ ఇంటిపన్ను. నీటిరుసుమును, ఊరిలో కొలచి తూచి యమ్ము ఊరి సరకులపై కొలగారమును వసూలుచేయు హక్కును దానికి గలదు. ఇంటిపన్ను ఇంటి విలువనుబట్టి యుండును. పూరిండ్లును, పాత పెంకుటిండ్లునుగల యూరిలో ఆ పన్ను ఏపాటి? అమ్మకములు లేని యూరికి కొలగార మెక్కడిది? కాని ఊరు పేదదైనంతమాత్రమున నీటిమోటారునకు విద్యుత్తు తక్కువ పట్టదు, పారిశుద్ధ్య కార్మికుల కడుపులు చిన్నవి కావు. అందుచే పేద పంచాయతీ పైనుండి వచ్చు నిధులకై ఎదురుచూచుచుండును. ఆ నిధులును కట్టుబాటులతోనే వచ్చును. 2021-26 కాలమునకు పదునైదవ ఆర్థికసంఘము గ్రామీణ స్థానిక సంస్థలకు నిర్ణయించిన నిధులలో నూటికి 60 రూపాయలు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును వెచ్చింపవలసినవి. తక్కిన 40 మాత్రమే ఊరి యితరావసరములకు, అదియు జీతములకు గాక, వాడదగినవి. పుట్టింటివారు పంపిన సొమ్ముతో సంసారము నీదు ఇల్లాలివలె నున్నది పంచాయతీ స్థితి: ఇది చీరకు, ఇది బిందెకు అని వారే మూటకట్టి పంపుదురు, ఇంట నిండుకొన్నది మాత్రము ఉప్పు!

కొంచెపు సొమ్ము గలచోటనే లెక్క మిక్కిలి ముఖ్యము. ఈ సంగతి గృహిణికంటె నెవరెఱుగుదురు? మా గ్రామమున నొకమారు గ్రామసభలో జమాఖర్చులు చదువబడుచుండెను. నీటిట్యాంకును నెలనెల కడిగించినట్లు ఖర్చు వ్రాయబడియుండెను. మేము స్త్రీలము కొందఱము ఒక ప్రక్క గూర్చుండి వినుచుంటిమి. అక్షరమెఱుగని యొక వృద్ధురాలు లేచి, "నాయనా, ఆ ట్యాంకు నిచ్చెన విఱిగి సంవత్సరము దాటినదే! కడిగినవారు ఎట్లెక్కిరి?" అని యడిగెను. సభ నిశ్శబ్దమయ్యెను. పిమ్మట ఆ పద్దును మరల విచారింతుమని చెప్పిరి. పక్షము తిరుగకమునుపే క్రొత్త నిచ్చెన వచ్చినది, ట్యాంకు నిజముగ కడుగబడినది. పుస్తకములోని యంకెలు చదివినవారికి తోపని ప్రశ్న, ప్రతిదినము ఆ ట్యాంకు క్రింద బిందె నింపుకొను నామెకు తోచినది.

అడుగుట మనకు క్రొత్తవిద్య కాదు. భారతమున సభాపర్వములో నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో, వ్యవసాయము వానపైననే యాధారపడకుండ రాజ్యమున చెరువులు నిండుగ నున్నవా యనునదియు నొకటి. అంతటి చక్రవర్తికే యట్టి ప్రశ్న తప్పలేదు. నేడు ఆ ప్రశ్న నడుగు నధికారము ఓటరైన ప్రతి స్త్రీకిని గలదు. ఆ యధికారము నెరపుటకు చోటు గ్రామసభయే. ఆంధ్రప్రదేశ 1994 నాటి చట్టము ఏటికి కనీసము రెండుమారులును, తెలంగాణ 2018 నాటి చట్టము రెండు నెలల కొకమారును గ్రామసభ జరుపవలెనని విధించినవి.

స్త్రీయే సర్పంచియైనచోట గూడ పలుమారులు ఆమె సంతకముమాత్రము చేయుటయు, భర్తయో కుమారుడో కుర్చీలో గూర్చుండుటయు దేశమంతట గానవచ్చుచున్నది. దీని నరికట్టు మార్గములను విచారించుటకు 2023లో కేంద్రప్రభుత్వ మొక సంఘమును నియమించెను. ఈ దోషము చట్టముచేతనే తీరదు. ఇంటిలోని అత్తగారు, "అమ్మాయీ, ఈ పూట వంట నేను చూచెదను, నీవు సభకు పొమ్ము" అనవలెను. అట్టి యవకాశము దొరకినచో పేద గ్రామములోని స్త్రీయు సమర్థురాలు కాగలదు. నాటి కర్నూలు జిల్లా కల్వ గ్రామ సర్పంచి ఫాతిమా బీగారు 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి పురస్కారము నందిరి. దారిద్ర్యముతో పోరాడినందులకు ఇచ్చిన పురస్కార మది.

కావున సోదరీమణులారా! రాబోవు గ్రామసభకు ఇరుగుపొరుగు వారిని గూడగట్టుకొని పొండు. ఎంత సొమ్ము వచ్చినది, దేనికి వ్యయమైనది, మన వీథికి చేసినదేమి యను మూడు ప్రశ్నలు చాలును. పేదరికమును ఒక్కనాట తొలగింప మనవలన గాదు. కాని ఉన్న నాలుగు రూపాయలు దారితప్పక మన కుళాయివఱకు చేరునట్లు చూచుట మనవలన నగును.