404: పుట దొరకలేదు

పరీక్షాఫలములకై వెదకు తల్లిదండ్రులకు తెరపై 404 అను అంకె కనబడినచో, ఫలములే లేవేమోయని బెంగ కలుగుట సహజము. ఆ యంకెకు పుట దొరకలేదని యర్థము. పుట యుండియు దారి తప్పినపుడు గూడ నదియే కనబడును. ఆ దారిని సరిచేయు విధమును మేమిట వివరించెదము.

2005వ సంవత్సరమున వెలువడిన జాంగో, వెబ్‌సైట్లను నిర్మించుటకైన యొక సాఫ్ట్‌వేర్ చట్రము. మనము కోరిన చిరునామాను జాంగో తన దారుల పట్టికతో పైనుండి వరుసగా పోల్చును. మొదట సరిపడినదానితో నాగిపోవును. కావున నీ క్రింది ప్రశ్నలు వేసికొనవలెను.

ఉపభాగపు పట్టిక ప్రధానపట్టికలో చేర్చబడినదా? పట్టికలో దారికి ముందు అనవసరముగా ఏటవాలు గీత పడినదా? అంకెలు మాత్రమే యుండవలసినచోట అక్షరములు వచ్చినవా? పైనున్న విశాలమైన దారి క్రిందిదాని నడ్డగించుచున్నదా?

నిర్మాణకాలమున డీబగ్ అను అమరిక పనిచేయుచున్నచో, ఏ దారియు సరిపడనపుడు, తాను పోల్చిచూచిన దారులను జాంగోయే వరుసగా చూపును. ఊహించుటకంటె దానిని చదువుట మేలు. అయితే ఆ పట్టిక పరులకు చూపదగినది కాదు. సైటును ప్రజలకు విడుచుటకు ముందే డీబగ్‌ను ఆపివేయవలెను.