పిల్లలకు ఎలక్ట్రిక్ గిటార్ కొంటున్నారా? ముందు చెక్క పని చూడండి

ఇక్కడ పిల్లలు మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి ఏదో ఒక రోజు "అమ్మా, నాకు ఎలక్ట్రిక్ గిటార్ కావాలి" అంటారు. షాపుకి వెళ్తే రంగులు చూపిస్తారు, ధర చెబుతారు. నేను చదివింది బీఎస్సీ ఫిజిక్స్. మా అబ్బాయి అడిగినప్పుడు, అసలు ఆ వస్తువు ఎలా తయారవుతుందో తెలుసుకున్నాకే డబ్బు పెడదామనుకున్నాను. తెలుసుకున్నాక అర్థమైంది, చూడాల్సింది రంగు కాదు, చెక్కను తొలిచిన తీరు అని.

మన బొబ్బిలి వీణను పనస చెక్కతో చేస్తారు. కుండను లోపల డొల్లగా తొలుస్తారు. తీగ మీటితే ఆ డొల్ల, పైపలక కలిసి నాదాన్ని పెంచుతాయి. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆ డొల్లతో పని లేదు. బాడీ గట్టి చెక్క పలక. ఉక్కు తీగల కింద పికప్‌లు ఉంటాయి. అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు. పైన తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. ఇంటర్‌లో చదువుకున్న ఫారడే సూత్రమే! పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి ఎలక్ట్రిక్ మాండలిన్ పలికిందీ ఇలాగే.

ఈ గిటార్‌ని ఫ్యాక్టరీలో సులువుగా తయారుచేసే దారి చూపినవారిలో ముఖ్యుడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే షాపు నడిపిన మనిషి. 1950లో అమ్మకానికి తెచ్చిన గిటార్‌కి బాడీ వేరుగా, మెడ వేరుగా చేసి నాలుగు స్క్రూలతో బిగించాడు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌దీ అదే పద్ధతి. ఇప్పుడు ఎన్నో కంపెనీలు ఇలాగే చేస్తున్నాయి.

ముందుగా ఆల్డర్, యాష్ లాంటి చెక్కను బాగా ఆరబెడతారు. తడి మిగిలితే తర్వాత వంకర పోతుంది. రెండు మూడు ముక్కలను పక్కపక్కన జిగురుతో అతికి, సుమారు 44 మిల్లీమీటర్ల మందం పలక చేస్తారు. ఆ తర్వాత రౌటర్ పని. మన ఇంట్లో వైఫై పెట్టె కాదండోయ్! గిరగిరా తిరిగే పదునైన కత్తి ఉన్న మిషన్. పూర్వం చెక్క మీద అచ్చు పెట్టి, దాని అంచు వెంట చేత్తో నడిపేవారు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ నడిపిస్తుంది. ఒకేసారి లోతుగా కోస్తే చెక్క పెచ్చులు లేస్తుంది, అందుకే పొరలు పొరలుగా తొలుస్తారు. పికప్‌లకు, వాల్యూమ్ బటన్ల వైర్లకు గుంతలు, వాటిని కలుపుతూ సన్నటి దారులు. మా అబ్బాయి గిటార్‌కి తీగలు మార్చినప్పుడు ప్లాస్టిక్ పలక విప్పి చూశాను, స్విచ్‌బోర్డు లోపలిలాగే ఉంది.

వీటన్నిటిలో ముఖ్యమైంది మెడ కూర్చునే గుంత. స్ట్రాటోకాస్టర్‌లో దాని లోతు సుమారు 16 మిల్లీమీటర్లు. తీగ కొలత 648 మిల్లీమీటర్లు, అందులో సరిగ్గా సగం దగ్గర 12వ మెట్టు. అక్కడ నొక్కితే పై స్థాయి స్వరం పలకాలి. గుంత పక్కకు జరిగితే చివరి తీగ మెడ అంచు దాటి జారుతుంది. అడుగు ఏటవాలుగా ఉంటే తీగలు మరీ ఎత్తుగానో, మెట్లకు తగులుతూనో ఉంటాయి. ఎత్తుగా ఉన్న తీగలు చిన్న వేళ్ళకు నొప్పి. ఆ నొప్పికే చాలామంది పిల్లలు గిటార్ మూలన పెట్టేస్తారు, మనమేమో వాడికి శ్రద్ధ లేదంటాం.

తర్వాత అంచులు గుండ్రం చేసి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి ఆరబెట్టి మెరుగు పెడతారు. చివరికి మెడ, బ్రిడ్జి, పికప్‌లు బిగించి, వైర్లు సోల్డర్ చేసి, తీగలు కట్టి శ్రుతి చూస్తారు.

కొత్తదైనా, సెకండ్‌హ్యాండ్‌దైనా కొనేటప్పుడు ఇవి చూడండి:

* మెడ, బాడీ కలిసే చోట పెద్ద సందు ఉండకూడదు. మెడ పట్టుకుని మెల్లగా కదిపితే ఊగకూడదు.
* మొదటి తీగ, ఆరో తీగ మెడ అంచుల నుంచి దాదాపు సమాన దూరంలో ఉండాలి.
* ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, తీగను విడిగా ఒకసారి, 12వ మెట్టు దగ్గర నొక్కి ఒకసారి మీటండి. అదే స్వరం పై స్థాయిలో రావాలి. కొద్దిపాటి తేడాను బ్రిడ్జి స్క్రూలతో సరిచేయవచ్చు.
* బటన్లు తిప్పితే గరగర వస్తే భయపడకండి. చాలాసార్లు అది దుమ్ము, చిన్న రిపేరు.

మెడ గుంత తప్పుగా తొలిస్తే మాత్రం రిపేరు ఖర్చుకి ఇంకో గిటారే రావచ్చు. అలాంటిది ఎంత మెరిసినా, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా అక్కడే వదిలేసి రండి.